విండోస్ మార్చడానికి చీటీ ఎత్తాలా?

ప్రశ్న: జనగామలో జిరాక్స్, డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. షాపులో రెండు కంప్యూటర్లు ఉన్నాయి. కౌంటర్ మీదిది 2021లో కొన్నాను, ఐ3 టెన్త్ జనరేషన్. డిజైనింగ్‌కు వాడేది 2017 నాటిది, ఐ5 సిక్స్త్ జనరేషన్. రెండింట్లోనూ విండోస్ 10 ఉంది. దాని సపోర్ట్ ఆగిపోయింది కాబట్టి రెండూ మార్చాల్సిందేనని డీలర్ అంటున్నారు. కొత్తవి రెండూ కలిపి 96,000. నెలకు 8,000 చొప్పున 12 నెలలు నో కాస్ట్ ఈఎంఐ. ఒకేసారి కడితే 89,000. బ్యాంకులో 1,10,000 ఎఫ్‌డీ ఉంది. లక్ష రూపాయల చీటీ నడుస్తోంది, ఇప్పుడు పాడితే 82,000 చేతికొస్తుంది. ఖర్చులు పోను నెలకు 5,000 మిగులుతుంది. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదు. చీటీ ఎత్తమంటారా, ఎఫ్‌డీ తీయమంటారా, ఈఎంఐ పెట్టుకోమంటారా?

జవాబు: మూడూ వద్దు. ముందు రెండు కంప్యూటర్లనూ విడివిడిగా చూద్దాం. డీలర్ వాటిని ఒకే గాటన కట్టారు.

సపోర్ట్ ఆగిపోయిన మాట నిజమే. 2025 అక్టోబర్ 14 తర్వాత విండోస్ 10కి మామూలుగా వచ్చే ఉచిత అప్‌డేట్లు లేవు. అలాగని ఆ రోజు నుంచి కంప్యూటర్ పనిచేయడం మానేయదు, మీదీ మానేయలేదు. కొత్తగా బయటపడే లోపాలకు మరమ్మతు రాదు, అంతే. ఇంటర్నెట్‌లో ఉండే మెషీన్‌కు ఇది పెద్ద విషయం. నెట్ లేని మెషీన్‌కు అంత కాదు.

మీ కౌంటర్ కంప్యూటర్‌కు రూపాయి ఖర్చు ఉండకపోవచ్చు. ఇంటెల్‌లో ఎయిత్ జనరేషన్ నుంచి దాదాపు అన్నీ విండోస్ 11కి పనికొస్తాయి, మీది టెన్త్. ఒరిజినల్ విండోస్ 10 ఉంటే అప్‌గ్రేడ్ ఉచితం. మైక్రోసాఫ్ట్ వాళ్ల ‘పీసీ హెల్త్ చెక్’ అనే చిన్న ప్రోగ్రామ్ వేసి చూడండి. టీపీఎం (విండోస్ 11 అడిగే భద్రతా చిప్) లేదని చూపిస్తే కంగారు పడొద్దు. చాలా బోర్డుల్లో అది ఉంటుంది కానీ బయోస్‌లో, అంటే కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల్లో, ఆఫ్ చేసి ఉంటుంది. తెలిసిన టెక్నీషియన్‌కు పది నిమిషాల పని. అంటే 96,000లో సగం ఇక్కడే ఎగిరిపోయింది.

డిజైనింగ్ కంప్యూటర్ సంగతి వేరు. సిక్స్త్ జనరేషన్ ప్రాసెసర్ మైక్రోసాఫ్ట్ జాబితాలో లేదు. ఐదు వందలిస్తే ఎలాగోలా విండోస్ 11 ఎక్కించేవాళ్లు మీ ఊళ్లోనూ ఉంటారు. అలా ఎక్కించిన వాటికి అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. అప్‌డేట్ల కోసమే ఈ తంటా అయినప్పుడు ఆ ఐదు వందలు ఎందుకు?

డబ్బు కట్టి విండోస్ 10 అప్‌డేట్లు పొడిగించుకునే పథకాలూ ఉన్నాయి. ఇళ్లలో వాడేవాటికి 2026 అక్టోబర్ 13 వరకు 30 డాలర్లు. మైక్రోసాఫ్ట్ ఖాతాలో సెట్టింగులు బ్యాకప్ చేసుకుంటే అదీ అక్కర్లేదు. వ్యాపారాలకు మాత్రం మెషీన్‌కు మొదటి ఏడాది 61 డాలర్లు, తర్వాత ఏటా రెట్టింపు. మూడేళ్లకు మొత్తం 427 డాలర్లు, మన లెక్కలో 40,000 దరిదాపు. తొమ్మిదేళ్ల పాత డబ్బాకు అంత పెట్టడం దండగ.

ఆ కంప్యూటర్‌లో మీరు చేసే పని ఏమిటి? పేజ్‌మేకర్, అను ఫాంట్స్, శుభలేఖలు, కరపత్రాలు. వీటిలో దేనికీ ఇంటర్నెట్ అక్కర్లేదు. నెట్ కేబుల్ పీకేయండి. బ్యాంకు లాగిన్లు, దరఖాస్తులు, వాట్సాప్‌లో కస్టమర్లు పంపే ఫైళ్లు, అన్నీ కౌంటర్ కంప్యూటర్‌లోనే. అక్కణ్నుంచి ఇక్కడికి తేవడానికి షాపుకని ఒక పెన్‌డ్రైవ్ విడిగా పెట్టుకోండి, స్కాన్ చేశాకే ఇందులో పెట్టండి. కస్టమర్ తెచ్చిన పెన్‌డ్రైవ్ నేరుగా ఇందులో పెట్టొద్దు, ఎంత తెలిసినవాళ్లయినా సరే. ఇది శాశ్వత పరిష్కారం కాదు, ఆరేడు నెలల గడువు కొనుక్కోవడం. డబ్బు విషయంలో ఆ గడువుకు చాలా విలువుంది, చూడండి.

చీటీ ఇప్పుడు పాడితే 82,000 కోసం 18,000 వదులుకుంటున్నారు. ఒక మంచి పాత కంప్యూటర్ ధరలో పెద్ద ముక్క అది. ఎఫ్‌డీ మీ షాపు అద్దెకు, ఆసుపత్రికి ఆసరా. దాన్ని కదిలిస్తే మిగిలేది 21,000. ఇక నో కాస్ట్ ఈఎంఐ. మీరు రాసిన అంకెల్లోనే గుట్టు ఉంది, ఒకేసారి కడితే 89,000, వాయిదాల్లో 96,000. ఆ 7,000 వడ్డీయే, పేరు మార్చుకుని వచ్చింది. ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ వేరే. అసలు నెలకు 5,000 మిగిలేవారు 8,000 వాయిదా ఎక్కడి నుంచి కడతారు? రెండు నెలలు తప్పితే క్రెడిట్ కార్డు వడ్డీ ఏడాదికి 36 శాతం పైమాటే.

‘ఆలస్యం చేస్తే ధరలు పెరుగుతాయి’ అని కూడా డీలర్ అనే ఉంటారు. ర్యామ్ ధరలు పెరిగాయి, అబద్ధం కాదు. ఒక్కోటి 48,000 అనుకుంటే, పది శాతం పెరిగినా 4,800. దాన్ని తప్పించుకోవడానికి చీటీలో 18,000 పోగొట్టుకోవడం లెక్క కాదు. కంప్యూటర్ మీద 40 శాతం తరుగుదల ఖర్చుగా చూపించి పన్ను తగ్గించుకోవచ్చని ఎవరైనా చెబితే అదీ వదిలేయండి. కొత్త పన్ను విధానంలో 12 లక్షల ఆదాయం దాకా రిబేటుతో పన్నే పడదు. కట్టని పన్నులో మిగిల్చేదేముంది? జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి కంప్యూటర్ మీద కట్టే 18 శాతం జీఎస్టీ కూడా వెనక్కి రాదు.

నేనైతే ఇలా చేస్తాను. నెలకు 4,000 చొప్పున ఆరు నెలలు ఆర్‌డీ. 24,000 అవుతుంది. దానికి కాస్త కలిపి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) చుట్టుపక్కల ఒక రీఫర్బిష్డ్ డెస్క్‌టాప్ చూస్తాను. కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి వదిలేసినవి అక్కడికి వస్తాయి. ఎయిత్ జనరేషన్‌కు తక్కువ కాకూడదు, ఎస్‌ఎస్‌డీ ఉండాలి, విండోస్ 11 ఒరిజినల్‌గా యాక్టివేట్ అయిందో లేదో అక్కడే చూసుకోవాలి, వారంటీ బిల్లు మీద రాయించుకోవాలి. ఇంకో సంగతి, డబ్బు కట్టకముందే మీ పేజ్‌మేకర్, అను, పాత శుభలేఖ ఫైలు ఒకటి అందులో వేసి, ప్రింట్ తీసి చూడాలి. పేజ్‌మేకర్‌కు ఇరవై ఏళ్లుగా కొత్త వెర్షన్ లేదు. అను అక్షరాలు యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా కనిపించే పద్ధతి) కావు, ఆ ఫాంట్ లేకపోతే ‘శుభముహూర్తము’ కాస్తా పిచ్చిగీతలవుతుంది. మీ పదేళ్ల డిజైన్లు, ఫాంట్లు, వాటి లైసెన్స్ కీలు ముందే ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి ఎక్కించి పెట్టుకోండి. ఇది మాత్రం వాయిదా వేయొద్దు, ఈ వారమే.

కౌంటర్ కంప్యూటర్ అప్‌గ్రేడ్‌కు కూడా ముహూర్తం చూసుకోవాలి. రిటర్నుల గడువు రెండు రోజులుందనగా నేను నాది మార్చాను. ప్రింటర్ పలకలేదు, ఆ రెండు రోజులు క్లయింట్లకు మొహం చూపించలేదు. మీకైతే ఆషాఢం ఉంది, పెళ్లిళ్లు లేవు, శుభలేఖలు లేవు. అప్పుడు మార్చండి. నచ్చకపోతే పది రోజుల్లోపు వెనక్కి విండోస్ 10కి వెళ్లే వీలు సెట్టింగుల్లోనే ఉంటుంది, కాబట్టి మొదటి వారంలోనే స్కానర్, బయోమెట్రిక్, ప్రింటర్ అన్నీ వాడి చూసేయండి.

పాతది ఎక్స్ఛేంజ్‌లో ఇస్తే రెండు వేలు తగ్గిస్తామంటారు. ఇవ్వండి, హార్డ్ డిస్క్ మాత్రం తీసేసుకుని. జిరాక్స్ షాపు డిస్క్‌లో సగం ఊరి ఆధార్ కార్డులు ఉంటాయి.