హెలికాప్టర్ అనే మాటను ఎక్కడ విడగొట్టాలి?

చాలామంది హెలి + కాప్టర్ అనుకుంటారు, కానీ అసలు విరుపు హెలికో + ప్టర్. రెండూ ప్రాచీన గ్రీకు మాటలే. హెలిక్స్ అంటే మెలిక, చుట్టు తిరుగుతూ పోయేది (స్క్రూ మీద గోరు ఆనించి తిప్పి చూడండి, గోరు జారుతూ పోయే ఆ దారే హెలిక్స్). ప్టెరాన్ అంటే రెక్క. అంటే మెలి తిరిగే రెక్కలున్నది అని అర్థం. సూర్యుడి పేరైన హీలియోస్‌తో దీనికి ఏ సంబంధమూ లేదు.

ఈ మాటను గ్రీకులు వాడలేదు. 1861లో పాంటన్ దామెకూర్ అనే ఫ్రెంచి ఆయన ఆవిరితో నడిచే చిన్న నమూనా కోసం దీన్ని కల్పించాడు, అక్కణ్ణుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. తర్వాత జనం తప్పుగా విరవడం వల్లే హెలిప్యాడ్, క్వాడ్‌కాప్టర్ లాంటివి పుట్టాయి. అవి ఇప్పుడు స్థిరపడ్డ మాటలే, తప్పని కొట్టేయక్కర్లేదు.

నాకు బాగా నచ్చే సంగతి ఇంకోటుంది: ప్టెరాన్‌కీ, సంస్కృతంలో రెక్క అనే అర్థమున్న పతత్రానికీ మూలం ఎగరడం అనే ఒకే పాత ధాతువు. పక్షిని పతత్రి అనేది అందుకే.