బ్రేకు రాయిలా బిగుసుకుంటే

ప్రశ్న: మాది పాత డీజిల్ కారు. పోయిన నెల డైనమో కాలిపోతే సెకండ్ హ్యాండ్‌ది వేయించాం. వారం తర్వాత శ్రీశైలం వెళ్లి దోర్నాల వైపు ఘాట్ దిగుతుంటే బ్రేకు రాయిలా అయిపోయింది, ఎంత గట్టిగా తొక్కినా బండి మెల్లగానే ఆగింది. మెకానిక్ ప్యాడ్లు, బ్రేక్ ఆయిల్ మార్చాడు, తేడా లేదు. ఇప్పుడు బూస్టర్ మార్చాలంటున్నాడు. మార్చమంటారా?
- ఒక పాఠకుడు, మార్కాపురం

జవాబు: ఆగండి, డబ్బులు అప్పుడే తీయకండి. మీ ఉత్తరంలో అసలు ముక్క బ్రేకుల సంగతి కాదు, డైనమో సంగతి. పెట్రోల్ ఇంజన్ గాలి పీల్చుకునేటప్పుడే వాక్యూమ్ (గాలిని లాగే ఖాళీ) పుడుతుంది, బూస్టర్ దాన్ని వాడుకుని మీ కాలి బలాన్ని పెంచుతుంది. డీజిల్‌లో ఆ వాక్యూమ్ సరిపోదు కాబట్టి వేరే పంపు పెడతారు, చాలా పాత డీజిల్ బండ్లలో ఆ పంపు డైనమో వెనకే అతుక్కుని ఉంటుంది. అంటే డైనమోతో పాటు మీ పంపూ మారిపోయి ఉండొచ్చు, పాత సామాను కదా, లోపలి రెక్కలు అరిగిపోయాయేమో. లేదా పైపు క్లిప్పు సరిగ్గా బిగించలేదేమో, లేదా పంపుకి వచ్చే ఇంజన్ ఆయిల్ గొట్టం తిరిగి పెట్టలేదేమో. ఆ ఆయిల్ లేకపోతే మంచి పంపు కూడా ఎక్కువ రోజులు బతకదు.

ఇంటి దగ్గరే చూసుకోవచ్చు. హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంజన్ ఆపి, పెడల్ అయిదారు సార్లు తొక్కండి, గట్టిపడుతుంది. కాలు అలాగే నొక్కి ఉంచి స్టార్ట్ చేయండి. పెడల్ మీ కాలి కింద కొంచెం దిగాలి. దిగకపోతే బూస్టర్‌కి వాక్యూమ్ అందడం లేదు, లేదా బూస్టరే పోయింది. ఈ రెండిట్లో ఏదో తేల్చడానికి బూస్టర్‌కి వచ్చే లావు పైపు ఊడదీసి, ఇంజన్ నడుస్తుండగా దాని మూతికి బొటనవేలు అడ్డం పెట్టమనండి (బెల్టు దగ్గర చొక్కా చేతులు, చున్నీలు జాగ్రత్త). వేలిని గట్టిగా పట్టుకుని లాగాలి. లాగకపోతే పంపు దగ్గర కూడా అలాగే చూస్తే లోపం పంపుదా, పైపుదా తెలిసిపోతుంది. పైపు పైకి బాగానే కనిపిస్తుంది, క్లిప్పు కింద పగిలి ఉంటుంది, వంచి చూడాలి. ఆ పైపు దారిలో ఉండే వాల్వ్‌ని నోటితో ఊదితే గాలి బూస్టర్ వైపు నుంచి ఇంజన్ వైపు మాత్రమే పోవాలి, రెండు వైపులా పోతే అదీ మార్చాల్సిందే. లాగుడు బాగుండి, వాల్వ్ బాగుండి, పెడల్ తొక్కినంతసేపూ కాళ్ల దగ్గర బుస్సుమని చప్పుడు వస్తుంటే మాత్రం మీ మెకానిక్ మాట నిజం, బూస్టర్ మార్చండి.

ఇది తేలేవరకు ఆ బండిలో ఘాట్ ఎక్కొద్దు, ఊళ్లో కూడా తిప్పొద్దు.

ప్రశ్న: ఘాట్ దిగేటప్పుడు ఇంజన్ ఆపేసి న్యూట్రల్‌లో వదిలితే డీజిల్ మిగులుతుందని మా బావ అంటాడు. నిజమేనా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీ బావగారి పక్కన కూర్చోకండి. ఇంజన్ ఆగితే బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ రెండు మూడు తొక్కులకే అయిపోతుంది, నాలుగో మలుపులో పెడల్ రాయే. పవర్ స్టీరింగ్ కూడా బరువెక్కుతుంది. పైగా ఇప్పటి ఇంజన్లలో గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే, వేగం బాగా తగ్గేదాకా ఇంధనం దానంతటదే ఆగిపోతుంది. రెండో గేరులో దిగమనండి, ఇంజన్ ఆపకుండానే డీజిల్ మిగులుతుంది.