యూ-23 చరిత్ర రాస్తున్న తమ్ముడికి

ప్రియమైన తమ్ముడికి,

ఆశీస్సులు. రెండో ప్రపంచయుద్ధం నాటి జర్మన్ జలాంతర్గామి యూ-23 మీద నువ్వు పంపిన రాతప్రతిని రెండుసార్లు చదివాను. వాక్యం నీకు పట్టుబడింది, ఆ విషయంలో నేను చెప్పవలసింది ఏమీ లేదు. కాకపోతే ఇరవై రెండు పేజీలలో పందొమ్మిది ఓటో క్రెచ్‌మర్‌కే పోయాయి. ఆయన 1937 అక్టోబరు నుంచి 1940 వసంతం దాకా ఆ జలాంతర్గామికి కెప్టెన్‌గా ఉన్నాడు, ఆ తరువాత యూ-99 అనే మరో జలాంతర్గామి మీద పేరు మోగించాడు. అంతా నిజమే. అయితే నువ్వు తలపెట్టింది పడవ చరిత్ర. 1936 సెప్టెంబరులో నౌకాదళంలో చేరి, 1944 సెప్టెంబరులో ముగిసిన ఆ పడవ ఆయుష్షులో ఆయన కాలం మూడో వంతు కూడా లేదు.

యూ-23 కొట్టిన ఓడలలో రెంటిని, డాన్మార్క్ అనే చమురు ఓడనూ డేరింగ్ అనే యుద్ధనౌకనూ కలిపి, "10,517 టన్నుల బరువున్న డాన్మార్క్ ట్యాంకరు, 1,375 టన్నుల డేరింగ్, వెరసి 11,892 టన్నులు" అని రాశావు. వర్తకనౌకకు చెప్పే ఆ టన్ను బరువు కాదు, ఓడ లోపలి జాగాకు కొలత. నూరు ఘనపుటడుగులు ఒక టన్ను. యుద్ధనౌకకు చెప్పేది అది పక్కకు నెట్టే నీటి బరువు. ఈ రెంటినీ కలిపితే కుంచంతో కొలిచిన వడ్లను తక్కెడలో తూచిన బెల్లంతో కూడినట్టే అవుతుంది.

ఈ తప్పు దిద్దడం తేలికే. నన్ను ఎక్కువసేపు ఆపింది మరొకటి. 1940 జనవరి 12న స్కాట్లండ్‌కు ఉత్తరాన ఉన్న ఆర్క్నీ దీవుల్లోని ఇంగనెస్ అఖాతంలో లంగరు వేసి ఉన్న డాన్మార్క్‌ను యూ-23 టార్పెడోతో కొట్టినప్పుడు ఒక్క ప్రాణమూ పోలేదు. ఐదు వారాల తరువాత, ఫిబ్రవరి 18 తెల్లవారుజామున, నార్వే నుంచి వస్తున్న ఓడల గుంపుకు కాపలాగా ఉన్న బ్రిటిష్ డిస్ట్రాయర్ డేరింగ్‌ను కొట్టినప్పుడు 157 మంది చనిపోయారు, ఐదుగురే బతికారు. నువ్వు ట్యాంకరుకు నాలుగు పేజీలు ఇచ్చి, డేరింగ్‌ను ఒక్క పేరాలో దాటేశావు. టన్నుల పట్టిక ఎటు లాగితే అటే నీ కలం నడిచింది.

పడవ లోపల "ఊహకందని ఇరుకు" అని సరిపెట్టావు. ఊహకు అందించడమే కదా మన పని! విశాఖ బీచిలో ఉన్న కురుసురలోకి ఒకసారి వెళ్ళిరా. 91 మీటర్ల ఆ జలాంతర్గామిలోనే గది నుంచి గదికి పోవాలంటే గుండ్రటి ద్వారంలో ముందు కాలు, తరువాత తల, ఆపైన నడుము దూర్చుకోవాలి. యూ-23 పొడవు 42.7 మీటర్లు, వెడల్పు నాలుగు మీటర్లకు కాస్త పైన. అందులో పాతిక మంది, ముందువైపున మూడు టార్పెడో గొట్టాలు, మొత్తం ఐదు టార్పెడోలు. ఈ తరగతి పడవలను జర్మన్ నావికులు ఐన్‌బౌమ్ అనేవారు. దాన్ని నువ్వు "ఒక చెట్టు" అని తెలుగు చేశావు. ఒకే మాను తొలిచి చేసిన పడవకు మనకు దోనె అనే మాట ఉండనే ఉంది!

అన్నిటికన్నా లోటుగా తోచింది "తరువాత దానిని నల్ల సముద్రానికి తరలించారు" అన్న వాక్యం. ఎలా తరలించారు? నల్ల సముద్రంలోకి దారి అయిన బోస్ఫరస్ జలసంధి తటస్థంగా ఉన్న టర్కీ చేతిలో ఉంది, 1936 నాటి మాంత్రో ఒప్పందం ప్రకారం యుద్ధంలో ఉన్న దేశాల యుద్ధనౌకలకు అది దారి ఇవ్వదు. అందుకని రెండేళ్ళుగా శిక్షణ పనిలో ఉన్న యూ-23నూ, దానివంటి మరో ఐదు పడవలనూ కీల్‌లో విప్పి, ఇంజన్లు, బ్యాటరీలు, పడవ పైన గోపురంలా ఉండే కానింగ్ టవరు తీసేసి, మిగిలిన డొల్లను ఎల్బ్ నది మీద డ్రెస్డెన్ దాకా, అక్కడి నుంచి బహుచక్రాల బండ్ల మీద ఆటోబాన్ అనే జర్మన్ రహదారి వెంట ఇంగోల్‌ష్టాట్ దాకా, ఆపైన డాన్యూబ్ మీద రుమేనియా దాకా తీసుకుపోయి, గలాట్స్‌లో తిరిగి బిగించి, కాన్‌స్టాంట్సా రేవు నుంచి 30వ దళంగా సోవియట్ ఓడల మీదికి వదిలారు. సముద్రపు పడవ రోడ్డెక్కిన ఈ దారికి నీ దగ్గర కనీసం ఐదు పేజీలు ఉండాలి. రోడ్డు పక్కన నిలబడి చూసినవాళ్ళ నోట మాటలు మాత్రం కల్పించి పెట్టకు.

ఇక ముగింపు. 1944 ఆగస్టు 20న ఆ ఆరింటిలో ఒకటైన యూ-9 సోవియట్ విమానదాడిలో కాన్‌స్టాంట్సాలోనే పోయింది. మూడు రోజులకు రుమేనియా పక్షం మార్చింది. 25న యూ-18, యూ-24లను వాటి సిబ్బందే ముంచేశారు. మిగిలిన మూడింటికి రేవు లేదు, నదిలో వచ్చిన దారి మూసుకుపోయింది, బోస్ఫరస్ మొదటి నుంచీ మూసే ఉంది. యూ-23ను సెప్టెంబరు 10న టర్కీ తీరం దగ్గర దాని సిబ్బందే ముంచి ఒడ్డుకు చేరితే, టర్కీ వారిని నిర్బంధించింది. ఇంత జరిగితే నువ్వు "యూ-23 సగర్వంగా సముద్రగర్భంలో విశ్రమించింది" అని రాశావు. ఆ వాక్యం కొట్టేశాను. పడవ విశ్రమించలేదు, మునగనూ లేదు, దాన్ని ముంచారు. డేరింగ్ దగ్గర కూడా "మునిగిపోయింది" అనే రాశావు, అక్కడ కూడా కర్తను పెట్టు.

రెండో ప్రతి సంక్రాంతి లోపు పంపు. కురుసురకు సోమవారం సెలవు, చూసుకొని వెళ్ళు. వెళ్ళేటప్పుడు కొలత టేపు ఒకటి జేబులో వేసుకో.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి