ముందు మీ బాబాయిని అడుగు

తమ్ముడికి,

పెట్టుబడి మీద విమర్శకు మళ్లీ ప్రాణం పోయాలంటూ నువ్వు రాసిన వ్యాసం చదివాను. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ సామాజిక పరిశోధన సంస్థ మేధావులు హార్క్‌హైమర్, అడార్నో, మార్క్యూజ్ పేజీ పేజీకీ వరసకట్టారు. ఏడో పేజీలో మాత్రం డెలివరీ బండి నడిపే మీ బాబాయి కనిపించాడు. రేటింగ్ పడిందని ఆర్డర్లు తగ్గించిన కంపెనీని పల్లెత్తు మాట అనడు గానీ, దేశానికి గట్టి పాలకుడు రావాలి, అందరికీ భయం ఉండాలి అంటాడట. ఆ వాక్యం నన్ను నిద్రపోనివ్వలేదు. నువ్వేమో దాన్ని అక్కడే వదిలేసి, ‘నయా ఉదారవాద భావజాల ఆధిపత్యం’, అంటే మార్కెట్టే సర్వమనే ఆలోచన జనాన్ని ఏలడం, అంటూ ముందుకెళ్లిపోయావు. ఎంత కోపం వచ్చిందో!

నువ్వు నెత్తికెత్తుకున్న ఫ్రాంక్‌ఫర్ట్ వాళ్లే ఏం చేశారో చూడు. 1929లో ఆ సంస్థ తరఫున ఎరిక్ ఫ్రామ్, హిల్డే వైస్ జర్మనీలో కార్మికులకూ చిరుద్యోగులకూ 271 ప్రశ్నల ఫారం పంచారు. ఏ పార్టీకి ఓటేస్తావని అడిగి ఊరుకోలేదు. పిల్లల్ని దెబ్బ వేయకుండా పెంచగలమా, రాజ్యంలో అసలు అధికారం ఎవరిది, ఇంట్లో గోడకు ఏ పటాలున్నాయి అని అడిగారు. సుమారు 3,300 పంచితే 1,100 తిరిగొచ్చాయి. సోషల్ డెమొక్రాట్లకూ కమ్యూనిస్టులకూ, అంటే వామపక్షాలకు, ఓటేసేవాళ్లలో చాలామంది జవాబులు వాళ్ల రాజకీయాలతో పూర్తిగా పొసగలేదు; కొందరైతే పెత్తనం వైపే మొగ్గారు. 1933లో నాజీలు ఆ సంస్థను మూయించారు. దేశాలు మారడంలో సగం ఫారాలు పోయాయి. అధ్యయనం 1980 దాకా అచ్చుకే నోచుకోలేదు.

అచ్చు కాకపోవడమంటే ఏమిటో నాకు తెలుసు. మిల్లులో గుమాస్తాగా ఉన్నప్పుడు ఓ కథ రాశాను. గేటు దగ్గర యజమానిని నిలదీసిన యూనియన్ నాయకుడు ఇంటికెళ్లి, కూర చప్పగా ఉందని కంచం విసిరికొడతాడు. ఆ కంచం తీసేస్తేనే వేస్తానన్నాడు ఒక సంపాదకుడు. కార్మికుణ్ణి అలా చూపిస్తే ఉద్యమానికి చేటట! నేను తీయలేదు, ఆయన వేయలేదు. ఆ మెతుకులు ఏరుతూ పెరిగిన పిల్లాడు రేపు ఎవరి ముందు చేతులు కట్టుకుంటాడో ఉద్యమం కాక ఇంకెవరు పట్టించుకోవాలి?

పెట్టుబడి మీద విమర్శ మళ్లీ ప్రాణం పోసుకుంటే ఇక్కడే పోసుకుంటుంది. యాప్ కూలి ఎలా లెక్కగడుతుందో రాయాల్సిందే. ఆ లెక్కకు చిక్కినవాడి కోపం యజమానిని వదిలి పక్కింటివాడి మీదికి ఎలా మళ్లుతోందో కూడా రాయాలి.

ఏ పత్రికకు పంపాలని అడిగావు. అది ఇప్పుడొద్దు. బాబాయి బండి స్టాండ్ వేశాక పక్కన కూర్చో. రేటింగ్ ఎందుకు పడింది, అప్పెంత, చిన్నప్పుడు ఎవరు కొట్టేవారు, ‘అందరికీ భయం’ అన్నప్పుడు ఆ అందరిలో కంపెనీ ఉందా అని అడుగు. ఆయన మాటల్లోనే రాసుకో, నువ్వు సర్దకు. ఆ పేజీలు పంపు, మిగతా వ్యాసం సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.