మెషిన్లు కొనే ముందు ఆరు నెలల ఇంటిఖర్చు పక్కన పెట్టుకోండి

అమలాపురం పక్క నుంచి ఒక అబ్బాయి రాశారు. వయసు 31, హైదరాబాద్‌లో ఇళ్ళు డీప్ క్లీనింగ్ చేసే కంపెనీలో నాలుగేళ్ళు చేసి, నాన్నగారికి షుగర్ ఎక్కువై ఇంటికొచ్చేశారు, ఇప్పుడు టైల్స్ షాపులో 19 వేల జీతం. భార్య, రెండేళ్ళ పాప, అమ్మానాన్న. ఉద్యోగం మానేసి ఇదే పని సొంతంగా పెడతారట. మెషిన్లకీ సెకండ్ హ్యాండ్ వ్యాన్‌కీ కలిపి నాలుగున్నర లక్షలు కావాలి, అమ్మగారి నానుతాడు, గాజులు పెట్టి 3 లక్షలు, మిగతా లక్షన్నర ఫోన్ యాప్‌లో లోను, అది అప్రూవ్ కూడా అయిందట. చేతిలో ఉన్నదల్లా ఆర్‌డీలో 40 వేలు. అడిగిందేమో బంగారం బ్యాంకులో పెట్టాలా ప్రైవేట్ ఫైనాన్స్‌లో పెట్టాలా అని.

బ్యాంకులోనే. అయిపోయింది. కానీ మీరు అడగాల్సింది అది కాదండి, పని రాని నెలలో ఇల్లు దేంతో గడుస్తుంది అన్నది. నాకొచ్చే ఉత్తరాల్లో వ్యాపారం పెడతామనే వాళ్ళు అందరూ అప్పు ఎక్కడ తేవాలి అనే అడుగుతారు, ఆ రెండోది ఒక్కళ్ళూ అడగరు, అందుకే మీకు ఇంత వివరంగా రాస్తున్నా.

ఐడియాని నేను కాదనను. కోనసీమలో చాలా పెద్ద ఇళ్ళల్లో గదులకి తాళాలేసే ఉంటాయి, పిల్లలు గల్ఫ్‌లోనో అమెరికాలోనో, సంక్రాంతికి వస్తున్నామని ఫోను రాగానే ముసలాళ్ళిద్దరూ అంత ఇల్లు ఎక్కడ కడుగుతారు. బోరు నీళ్ళకి బాత్రూమ్ టైల్స్ మీద తెల్లగా కట్టే ఉప్పు చారలు పనమ్మాయి చీపురుతో పోవు, పెయింటర్లు వెళ్ళాక గ్రానైట్ మీద చుక్కలు బ్లేడుతో ఒక్కోటీ గీకాల్సిందే. పని ఉంది. కాకపోతే సంక్రాంతి ముందు, పెళ్ళి ముహూర్తాలప్పుడు, గృహప్రవేశాలప్పుడు ఉంది. ఆషాఢంలో ఎవరు పిలుస్తారు చెప్పండి? గోదావరికి వరదొచ్చి లంకలు మునిగితే ఆ తర్వాత గిరాకీ ఉంటుందనుకోవద్దు, ఒండ్రు మట్టి ఎవరింటిది వాళ్ళే మోటారు పెట్టి కడుక్కుంటారు.

ఇప్పుడు లెక్క చూడండి. ఇంటిఖర్చు 17 వేలు అని మీరే రాశారు. యాప్ వడ్డీ ఏడాదికి 30 శాతం అన్నారు, అంటే రెండున్నర రూపాయల వడ్డీ, లక్షన్నరకి 12 నెలలంటే ఈఎంఐ దాదాపు 14,600. బంగారం మీద 10 శాతం వేసుకున్నా నెలకి 2,500 వడ్డీ. మొత్తం 34 వేలు దాటింది, ఇంకా ఇద్దరు కుర్రాళ్ళ కూలి, లిక్విడ్లు, డీజిల్ లెక్కలోకే రాలేదు. ఇప్పుడొచ్చే జీతం 19 వేలు. ఊళ్ళో వడ్డీ వ్యాపారి రెండున్నర రూపాయలంటే అమ్మో అంటారు, అదే ఫోన్‌లో వస్తే లోన్ అప్రూవ్డ్ అని సంబరపడిపోతారు, నాకు అర్థం కాదు ఇది.

అందుకని ముందు ఆరు నెలల ఇంటిఖర్చు, అంటే లక్షా రెండు వేలు, ముట్టుకోకుండా వేరే ఎకౌంట్‌లో ఉండాలి. ఆర్‌డీ 40 వేలు దానికే, మెషిన్లకి కాదు. ఇంకా 62 వేలు కావాలి. అది పోగయ్యేదాకా ఉద్యోగం మానొద్దు, సెలవు రోజుల్లో పని పట్టండి, మెషిన్ అద్దెకి తెచ్చుకోండి, మరీ కావాలంటే తడీ పొడీ లాగే వాక్యూమ్ ఒక్కటి కొనుక్కోండి, సామాను ఆటోలో వెళ్తుంది, వ్యాన్ ఇప్పుడెందుకు. మీ టైల్స్ షాపుకి వచ్చేవాళ్ళే కొత్త ఇల్లు కట్టుకునేవాళ్ళు కదా, ఓనర్‌ని అడిగి ఓ కార్డు పెట్టుకోండి.

ఇన్సూరెన్స్ గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు. ఇది నిచ్చెనెక్కే పని, యాసిడ్‌తో పని. తలుపులేసిన బాత్రూమ్‌లో బ్లీచింగ్ మీద యాసిడ్ క్లీనర్ పోస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుందని మీకు తెలుసు, మీరు రేపు పెట్టుకునే కుర్రాడికి తెలుసా? మీకూ ప్రతి కుర్రాడికీ ప్రధానమంత్రి సురక్షా బీమా చేయించండి, ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో పోతే 2 లక్షలు, రెండు టీల ఖర్చు. అయితే అది ఆస్పత్రి బిల్లు కట్టదు, కుర్రాళ్ళు రెగ్యులర్‌గా ఉంటే వర్క్‌మెన్ కాంపెన్సేషన్ పాలసీ, అంటే పనిలో దెబ్బ తగిలితే మీరు వాళ్ళకి కట్టాల్సిన పరిహారం ఇచ్చేది, కూడా ఉండాలి. మీకు, భార్యకి, పాపకి కలిపి హెల్త్ పాలసీ ఈ నెలలోనే తీసుకోండి, నాన్నగారికి విడిగా, షుగర్ సంగతి దాచకుండా రాయండి, దానికి మూడేళ్ళ దాకా వెయిటింగ్, అంటే షుగర్ వల్ల వచ్చే బిల్లు కట్టని కాలం, ఉండొచ్చు కాబట్టి ఎంత ముందు మొదలెడితే అంత మంచిది. టర్మ్ పాలసీ కూడా, అంటే మీకేమైనా అయితే ఇంట్లోవాళ్ళకి డబ్బొచ్చే జీవిత బీమా. ఇంకోటి, మార్బుల్ మీద యాసిడ్ పడితే మెరుపు పోతుంది, మళ్ళీ పాలిష్ పట్టించాల్సిందే, నాకు తెలిసిన ఒకాయన అలాగే హాలు మొత్తానికి పాలిష్ డబ్బులు కట్టి ఆ సీజన్ లాభమంతా పోగొట్టుకున్నారు. దానికైనా చేతిలో కొంత ఉండాలిగా.

ఆరు నెలలు పని బాగా నడిచిందనుకోండి, అప్పుడు చిన్న వ్యాపారాలకి అప్పిచ్చే కేంద్ర ప్రభుత్వ పథకం ముద్రలో కిశోర్ లోన్‌కి వెళ్ళండి, 5 లక్షల దాకా తాకట్టు అడగరు, బ్యాంకులో తిరగాల్సి వస్తుంది, తిరగండి. అమ్మగారి బంగారం బీరువాలోనే ఉండనివ్వండి.

యాప్‌లో ఆ లక్షన్నర డ్రా చేసే బటన్ నొక్కొద్దు. ఈపాటికే నొక్కేసి డబ్బు ఎకౌంట్‌లో పడిపోయి ఉంటే, ఈరోజే అగ్రిమెంట్ తీసి కూలింగ్ ఆఫ్ పీరియడ్, అంటే లోను వద్దని వెనక్కి ఇచ్చేసే గడువు, ఎన్ని రోజులో చూడండి, ఆర్‌బీఐ రూల్ ప్రకారం ఆ లోపు అసలూ అప్పటిదాకా అయిన వడ్డీ కట్టేస్తే పెనాల్టీ లేకుండా బయటపడొచ్చు, ప్రాసెసింగ్ ఫీజు పోతే పోనివ్వండి.