పాత బుల్లెట్ హెడ్‌లైటు వెలుగు పెంచాలంటే ముందు ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీది కడప. నాన్నగారి 1974 నాటి బుల్లెట్‌ను బాగు చేయించి, కొత్తగా రంగు కూడా వేయించారు. ఇంజను చక్కగా పలుకుతోంది. కానీ 6 వోల్టుల హెడ్‌లైటు మాత్రం ఊరు దాటితే గుడ్డిదీపంలా ఉంది. అంగడివాళ్ళు ఎల్‌ఈడీ బల్బు వేయించుకోమంటున్నారు. అది వేయించాలా, లేక బండిని 12 వోల్టులకు మార్చాలా అని అడిగారు.

ఎల్‌ఈడీ ఇప్పుడే కొనకండి. ముందు ఒక మామూలు మల్టీమీటర్ (వోల్టులు కొలిచే మీటరు) కొనండి. మాదీ కడపే. మా నాన్న నడిపిన 6 వోల్టుల బుల్లెట్ మా ఇంట్లోనూ ఉంది. దాని లైటు కోసం రెండేళ్ళు తిరిగాను, మూడు రకాల బల్బులు మార్చాను. చివరికి తేలిందేమిటంటే, బ్యాటరీ దగ్గర ఉన్న వోల్టేజీలో పావు వంతు బల్బుకు చేరకుండానే దారిలో పోతోంది. అది చూడకుండా ఏ బల్బు వేసినా ప్రయోజనం ఉండదు.

ఇలా కొలవండి. బ్యాటరీ నిండుగా ఉండాలి. హెడ్‌లైటు వేసి, మీటరును డీసీ వోల్టుల మీద పెట్టండి. మొదట బ్యాటరీ రెండు కొసల మధ్య ఎంత ఉందో చూడండి. తరువాత బల్బు వెలుగుతుండగానే హోల్డర్ దగ్గర ఎంత అందుతోందో చూడండి. ఆ రెండింటికీ ఉన్న తేడాయే దారిలో పోతున్నది. అది స్విచ్చు వైపు పోతోందా, ఎర్త్ వైపు (బల్బు నుంచి కరెంటు ఫ్రేము గుండా బ్యాటరీకి తిరిగి వెళ్ళే దారిలో) పోతోందా అన్నది విడివిడిగా తెలుసుకోవాలి. అందుకు మీటరు ఒక తీగను బ్యాటరీ ప్లస్‌కు, రెండోదాన్ని బల్బు ప్లస్‌కు ఆనించి చూడండి. తరువాత బ్యాటరీ మైనస్‌కూ బల్బు హోల్డర్ రేకుకూ మధ్య అలాగే చూడండి. ఒక జాగ్రత్త చెప్పాలి. పాత ఇంగ్లండు పద్ధతిలో వైరింగ్ చేసిన బండ్లలో బ్యాటరీ ప్లస్‌ను ఫ్రేముకు కలిపినవి ఉంటాయి. మీది ఏ రకమో కళ్ళారా చూసుకోండి. తలకిందులుగా కలిపితే ఎల్‌ఈడీ అయినా కొత్త రెగ్యులేటర్ (వోల్టేజీని అదుపులో ఉంచే పరికరం) అయినా కాలిపోతుంది.

నా బండిలో బ్యాటరీ దగ్గర 6.2 వోల్టులు ఉంటే, బల్బు దగ్గర 4.6 మాత్రమే ఉంది. స్విచ్చు వైపు 0.7, ఎర్త్ వైపు 0.9 పోతున్నాయి. చూడటానికి చిన్న అంకెలే. కానీ ఫిలమెంటు బల్బు (లోపల సన్నని తీగ వేడెక్కి వెలిగేది) స్వభావం వేరు. వోల్టేజీ కొంచెం తగ్గితే వెలుగు చాలా తగ్గుతుంది, దాదాపు 3.4వ ఘాతం లెక్కన. 6 వోల్టుల బల్బుకు 5 వోల్టులే అందితే వెలుగు ఇంచుమించు సగానికి పడిపోతుంది. నా బల్బు ఇవ్వాల్సిన వెలుగులో మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ ఇస్తోంది, అంతే. పాపం, ఆ బల్బును నేను ఎన్ని మాటలన్నానో.

ఎర్త్ సంగతి పట్టుకున్నది నేను కాదు, మా వీధి చివర షెడ్డులో పనిచేసే భాయ్. ఆయన లైటు వేసి హ్యాండిల్‌ను నెమ్మదిగా ఇటూ అటూ తిప్పాడు. ఎడమకు తిప్పితే వెలుగు కాస్త పెరుగుతోంది, కుడికి తిప్పితే తగ్గుతోంది. ఏమీ మాట్లాడకుండా ఒక పొడుగాటి వైరు తీసుకుని ఒక కొస బల్బు హోల్డర్‌కు, మరో కొస బ్యాటరీ ఎర్త్‌కు ముట్టించాడు. ఎదురుగా కడప బండల గోడ మీద పడుతున్న పసుపు మరక ఒక్కసారిగా తెల్లబడింది. వైరు తీశాడు, మళ్ళీ పసుపు. "సార్, మీ లైటుకు ఎర్త్ గ్రీజులోంచి వస్తోంది" అన్నాడు. నిజమే. బుల్లెట్‌లో హెడ్‌లైటు డూమ్ (లైటును పట్టి ఉంచే ఇనుప డొప్ప) ఫోర్కు మీద ఉంటుంది. ప్రత్యేకంగా ఎర్త్ వైరు లేకపోతే కరెంటు హ్యాండిల్ బేరింగు గుండ్లూ వాటి చుట్టూ ఉన్న గ్రీజూ దాటుకుని ఫ్రేముకు చేరాలి. కొత్తగా రంగు వేయించిన బండి అయితే మరీ కష్టం. మీరు బండికి రంగు వేయించానని రాశారు కాబట్టి మొదట అనుమానించాల్సింది దీన్నే. బల్బు హోల్డర్ నుంచి నేరుగా బ్యాటరీ ఎర్త్‌కు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు ఒకటి లాగించండి. కొసలకు లగ్గులు (వైరును బిగించడానికి కొసకు వేసే లోహపు ముక్కలు) వేసి టంకం పెట్టించండి. అవి కూర్చునే చోట రంగును గీకి ఇనుము కనబడేలా చేయించండి. హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిరిగినా వైరు బిగుసుకోకుండా కాస్త వదులు ఉంచాలి.

స్విచ్చు వైపు పోయిన 0.7 వోల్టులకు కారణాలు వెతికితే, డిమ్మర్ స్విచ్చులో ఆకుపచ్చ చిలుము, డూమ్ లోపల మెలిపెట్టి టేపు చుట్టిన అతుకులు మూడు కనబడ్డాయి. ఒక అతుకు విప్పితే రాగి బొగ్గులా నల్లబడి ఉంది. వాటిని కొత్తగా వేయించాక అదే పాత బల్బు, అదే 6 వోల్టులు, బల్బు దగ్గర 5.8 చూపించింది. ఊళ్ళో తిరగడానికి అది నాకు చాలింది. మీకూ అంతవరకే కావాలంటే ఇక్కడ ఆగిపోవచ్చు, బండి అసలు రూపంలోనే ఉంటుంది.

రిఫ్లెక్టర్ (బల్బు వెలుగును ముందుకు పంపే అద్దంలాంటి గిన్నె) విషయంలో నేను చేసిన తప్పు మీరు చేయకండి. లోపలి పూత మచ్చలు పడిందని ఒక ప్లేటింగ్ అంగడిలో ఇచ్చి క్రోమ్ పూత వేయించాను. అద్దంలా తళతళలాడింది. దారి మీద మాత్రం వెలుగు ఇంకా తగ్గింది. వెండి పూత తన మీద పడిన వెలుగులో సుమారు 95 శాతం తిరిగి పంపుతుంది, అల్యూమినియం 90 శాతానికి దగ్గరగా పంపుతుంది, క్రోమ్ 65 శాతం దగ్గరే ఆగిపోతుంది. మన కంటికి మెరుపు ఒకేలా కనబడుతుంది కాబట్టి మోసపోతాం. పాత పూత బాగుంటే దాన్ని గుడ్డతో కూడా తుడవకండి, దుమ్మును ఊదితే చాలు. పాలిష్ అసలు తగలనివ్వకండి. పోయి ఉంటే 7 అంగుళాల కొత్త యూనిట్ కొని, పాతదాన్ని గుడ్డలో చుట్టి దాచండి. కొత్త గాజు ఎడమ పక్క నడిచే దేశాల కోసం చేసినదేనా అని అడగండి. కుడి పక్క నడిచే దేశాల కోసం చేసినదైతే డిమ్ము వెలుగు ఎదుటివాళ్ళ కళ్ళలోకి లేస్తుంది.

ఇక ఎల్‌ఈడీ. వైరింగ్ బాగుపడ్డాక బండిని 12 వోల్టులకు మార్చాను (దాని సంగతి కింద రాస్తాను). ఆ తరువాత ఆశకొద్దీ పాత రిఫ్లెక్టర్‌లోనే ఎల్‌ఈడీ బల్బు పెట్టించి చూశాను. ఇంటి ముందు పట్టపగలులా ఉంది. ఆ వారమే రాయచోటి నుంచి తిరిగి వస్తూ గువ్వలచెరువు ఘాటు దిగాల్సి వచ్చింది. కోవా కొట్ల వెలుతురు దాటి మొదటి మలుపు తిరిగాక అర్థమైంది. కొండను తొలిచిన రాతి గోడ పైదాకా తెల్లగా వెలుగుతోంది, చెట్ల కొమ్మలు వెలుగుతున్నాయి, నా ముందు టైరుకు పది గజాల అవతల రోడ్డు అంచు మాత్రం కనబడటం లేదు. డిమ్ములోనే ఉన్నా ఎదురొచ్చిన ప్రతి లారీ లైట్లు కొట్టి హెచ్చరించింది. కారణం రిఫ్లెక్టర్‌లో ఉంది. దాని వంపును ఫిలమెంటు ఉండే ఒక్క చోటును బట్టి లెక్కకట్టి చేస్తారు. ఎల్‌ఈడీ గింజలు ఆ చోట, ఆ ఆకారంలో ఉండవు. అందుకే వెలుగు ఒక చోట కూడకుండా చెల్లాచెదరవుతుంది. దానికి తోడు ఆ బల్బు వెనక ఉండే ఫ్యానుకు వైర్లతో కిక్కిరిసిన డూమ్ లోపల గాలి ఆడదు, అందులోనూ మన కడప ఎండల్లో. ఎల్‌ఈడీయే కావాలంటే సొంత గాజు, సొంత రిఫ్లెక్టర్‌తో ఒకే ముక్కగా వచ్చే యూనిట్ తీసుకోండి. అందులో వెలుగు అమరిక సరిగా ఉంటుంది. నాకైతే ఆ రెండు చిన్న పైలట్ లైట్ల మధ్య ఆ ముఖం చూడబుద్ధి కాలేదు.

రాత్రి ఘాటు రోడ్లు, హైవేలు తప్పవనుకుంటే 12 వోల్టులకు మార్చడమే మంచి దారి. 30 వాట్ల బల్బు 6 వోల్టుల మీద 5 ఆంపియర్లు తీసుకుంటుంది, 12 మీద రెండున్నరే తీసుకుంటుంది. కాబట్టి అదే వైరులో పోయే వోల్టేజీ సగానికి తగ్గుతుంది. పైగా 12లో ఒక వోల్టు పోయినా ముప్పాతిక వెలుగు మిగులుతుంది. ఆల్టర్నేటర్ కాయిలు, రెగ్యులేటర్ రెక్టిఫయర్, బ్యాటరీ, ఇగ్నిషన్ కాయిలు, హారను, బల్బులన్నీ మారతాయి. వెనక బ్రేకు లైటు బల్బును మరిచిపోతారు, గుర్తు చేయండి.

బల్బు దగ్గర అత్యాశ వద్దు. కార్లలో వాడే 60/55 వాట్ల హెచ్4 దాదాపు 5 ఆంపియర్లు లాగుతుంది. మార్కెట్లో పాత బుల్లెట్‌కు దొరికే కాయిలు దాన్ని, ఇగ్నిషన్‌ను కలిపి పోషించలేదు, నెమ్మదిగా నడిపేటప్పుడు అసలే పోషించలేదు. 35/35 వాట్ల హాలోజన్ వేశాను. అది 3 ఆంపియర్ల లోపే తీసుకుంటుంది. పూర్తి వోల్టేజీ అందితే ఆ వెలుగు ఎంత దూరం పోతుందో చూసి నేనే ఆశ్చర్యపోయాను.

డిమ్ముకు ఒకటి, బ్రైటుకు ఒకటి రిలేలు (స్విచ్చు నుంచి వచ్చే కొద్దిపాటి కరెంటుతో పెద్ద కరెంటును కలిపే పెట్టెలు) పెట్టించండి. అప్పుడు పాత స్విచ్చు మీద బరువు పడదు. రిలే 30 నంబరు పిన్నుకు ఫ్యూజు ద్వారా సరఫరా, 87 నుంచి బల్బుకు, 85, 86లకు స్విచ్చు వైరూ ఎర్తూ. ఇక్కడ ఒక చిన్న విషయం ఉంది, చాలామంది ఎలక్ట్రీషియన్లు పట్టించుకోరు. ఆ సరఫరాను నేరుగా బ్యాటరీ నుంచి తీస్తే లైటు తీసుకునే కరెంటు డూమ్ మీది ఆమ్మీటర్ (బ్యాటరీకి కరెంటు ఎక్కుతోందో దిగుతోందో చూపే మీటరు) గుండా పోదు. అప్పుడు బ్యాటరీ దిగిపోతున్నా సూది చార్జింగ్ వైపే ఉండి తప్పు చెబుతుంది. ఆమ్మీటర్ దాటాక ఉన్న కొస నుంచి తీయించండి. లైటు వేయగానే సూది మైనస్ వైపు వాలాలి, ఆక్సిలరేటర్ ఇస్తే మధ్యకు రావాలి. రాత్రి ప్రయాణంలో నేను నమ్ముకునేది ఆ సూదినే.

అంతా అయ్యాక గోడకు 25 అడుగుల దూరంలో బండిని నిలబెట్టి, మీరు సీటు మీద కూర్చుని, వేరొకరితో గోడ మీద హెడ్‌లైటు మధ్య భాగం ఎత్తున సుద్దముక్కతో గీత గీయించండి. డిమ్ము వెలుగు పై అంచు ఆ గీతకు రెండు మూడు అంగుళాలు కింద ఉండాలి. తరచుగా వెనక మనిషి కూర్చుంటే, కూర్చోబెట్టే చూసుకోండి.

మీ బండికి 50 ఏళ్ళు దాటాయి కాబట్టి ఒక మాట. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం దాన్ని వింటేజ్ వాహనంగా రిజిస్టర్ చేయించుకోవచ్చు, నంబరులో వీఏ అన్న అక్షరాలు వస్తాయి. కానీ అలా చేయించిన బండిని రోజువారీ పనులకు వాడకూడదు. ఆ ఆలోచన ఉంటే విప్పిన ప్రతి పాత భాగాన్నీ, ముఖ్యంగా డూమ్‌నూ గాజునూ జాగ్రత్త చేయండి.

ఈ ఆదివారం మీటరు పెట్టి బ్యాటరీ దగ్గర ఎంత, బల్బు దగ్గర ఎంత, ఎర్త్ వైపు ఎంత పోతోందో కొలిచి ఆ మూడు అంకెలూ ఇక్కడ రాయండి. అవి చూశాక వైరింగ్‌తో సరిపోతుందా, 12 వోల్టులకు వెళ్ళాలా అన్నది చెబుతాను.