షుగర్ దిగింది, చూపు మసకబారింది... ఇన్సులిన్ ఆపేయాలా?

ప్రశ్న: మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. నాకు 51 ఏళ్లు. పెళ్లయిన దగ్గర్నుంచీ లేసు అల్లుతున్నాను. షుగర్ వచ్చి ఏడేళ్లయింది. మాత్రలు ఉన్నప్పుడు వేసుకునేదాన్ని, అయిపోతే ఊరుకునేదాన్ని. పోయిన ఏడాదంతా కళ్లజోడు లేకుండానే దారం కనిపించేది, కళ్లు బాగుపడ్డాయని సంతోషించాను. నెల క్రితం కాళ్లు తిమ్మిర్లెక్కుతున్నాయని వెళితే మూడు నెలల సగటు షుగర్‌ని చెప్పే హెచ్‌బీఏ1సీ 11.2 ఉందన్నారు. మాత్రలు మార్చి, రాత్రిపూట ఇన్సులిన్ పెట్టారు. మూడు వారాల్లో పరగడుపు షుగర్ 290 నుంచి 150కి వచ్చింది. కానీ అప్పటినుంచి లేసు ముడి కనిపించడం లేదు. పాత జోడు పెట్టుకున్నా అంతే. ఇన్సులిన్ వల్లే చూపు పోతోందని వీధిలో అందరూ అంటున్నారు. ఆపేయమంటారా? కొత్త అద్దాలు తీసుకోనా? అన్నం పూర్తిగా మానేసి, పొన్నగంటి కూర, క్యారెట్ రసం తీసుకుంటే చూపు వస్తుందా?

జవాబు: అమ్మా, ఇన్సులిన్ మాత్రం ఆపకండి. మిగతావన్నీ నిదానంగా మాట్లాడుకుందాం.

మీ ఉత్తరంలో నన్ను కంగారుపెట్టింది ఇప్పటి మసక కాదు, పోయిన ఏడాది మీరు పడిన సంతోషం. యాభై దాటిన మనిషికి జోడు లేకుండా సన్నదారం కనిపించిందంటే చూపు బాగుపడినట్టు కాదు. కంటిపాప వెనకాల గాజు బిళ్లలా ఒక లెన్సు ఉంటుంది. రక్తంలో చక్కెర పెరిగితే కంట్లో ఉండే నీటిలోనూ పెరుగుతుంది, అక్కడి నుంచి లెన్సులోకి చేరుతుంది. లోపలికి వెళ్లిన చక్కెరలో కొంత సార్బిటాల్ అనే పదార్థంగా మారుతుంది. అది తేలిగ్గా బయటికి పోదు, చుట్టూ ఉన్న నీటిని లోపలికి లాక్కుంటుంది. రాత్రి నానబెట్టిన శనగల్లా లెన్సు ఉబ్బుతుంది. ఉబ్బిన లెన్సుకు దగ్గరివి బాగా కనిపిస్తాయి, దూరానివి మసకేస్తాయి. ఒకసారి గుర్తు చేసుకోండి. ఆ ఏడాదిలో బస్సు బోర్డు దగ్గరికొచ్చేదాకా చదవలేకపోయారా? గట్టు మీద వస్తున్న మనిషిని పోల్చుకోలేకపోయారా? అవుననే అంటారనుకుంటాను.

ఇప్పుడు మూడు వారాల్లో షుగర్ సగానికి దిగింది. ఉబ్బిన లెన్సు మళ్లీ సర్దుకుంటోంది. ఆ సర్దుబాటులో చూపు కొన్నాళ్లు దూరానికి మొగ్గుతుంది, దగ్గరివి అలుక్కుపోయినట్టు ఉంటాయి. లేసు ముడి కనిపించకపోవడానికి ముఖ్య కారణం ఇదే అయి ఉంటుంది. షుగర్ నిలకడగా ఉంటే మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాల్లో, కొందరికి ఇంకాస్త ఎక్కువ రోజుల్లో, చూపు ఒక చోట నిలబడుతుంది. అందుకే ఇప్పుడే కొత్త అద్దాలు చేయించుకోవద్దు. ఈ వారం సరిపోయిన నంబరు వచ్చే నెలకి సరిపోదు, డబ్బు దండగ. పని ఆగిపోతే ఇల్లు గడవదని తెలుసు. అంతదాకా దుకాణంలో దొరికే రెడీమేడ్ చదువుకునే జోడు చవకలో తీసుకుని నెట్టుకురండి. దానివల్ల కంటికి చెడు జరగదు.

ఇక అసలు సంగతి. లెన్సు కంటికి ముందు భాగం. వెనకాల రెటీనా అనే పొర ఉంటుంది. గోడకి వేసిన సున్నంలా పలచగా, సన్నని రక్తనాళాలతో నిండి ఉంటుంది. ఏళ్ల తరబడి చక్కెర ఎక్కువగా ఉంటే ఆ నాళాల గోడలు బలహీనపడి బుడిపెలు కడతాయి, నీరు, కొవ్వు కారతాయి, రక్తం చిమ్ముతాయి. కొన్ని పూడుకుపోతాయి. రక్తం అందని చోట కొత్త నాళాలు మొలుస్తాయి కానీ అవి తేలిగ్గా చిట్లిపోతాయి. చిట్లితే ఒక్క పూటలో కన్ను నల్లబడిపోవచ్చు. ఇదంతా మొదలై ముదిరేదాకా నొప్పి ఉండదు, దురద ఉండదు, చాలాసార్లు మసక కూడా ఉండదు.

నా దగ్గరికి వచ్చే కొబ్బరికాయల వ్యాపారి ఒకాయన ఉన్నారు. పదేళ్ల షుగర్. కళ్ల పరీక్షకు వెళ్లమంటే ‘నాకు బాగానే కనపడుతోందండి’ అని నవ్వేసేవారు. ఒక మధ్యాహ్నం లారీకి కాయలెత్తిస్తూ చెమట పట్టి తువ్వాలుతో కుడి కన్ను తుడుచుకుంటుంటే, ఎదురుగా ఉన్న లారీ నంబరు మాయమైపోయింది. తువ్వాలు తీస్తే కనిపించింది, పెడితే పోయింది. ఎడమ కన్ను ఎప్పుడు పోయిందో ఆయనకే తెలియదు, కుడి కన్ను ఆ లోటు కనిపించనివ్వలేదు. సూది మందులతో, లేజర్‌తో కొంత నిలబెట్టారు. పోయిన చూపంతా తిరిగి రాలేదు. ఇంకా గట్టిగా చెప్పి పంపాల్సింది కదా అని నాకు ఇప్పటికీ బాధే.

అందుకని మీరు ఈ వారంలోనే రెటీనా పరీక్ష చేయించుకోండి. అద్దాల దుకాణంలో అక్షరాలు చదివించే పరీక్ష దీనికి పనికిరాదు. కంటి డాక్టర్ కంట్లో చుక్కలు వేసి, పాప పెద్దదయ్యాక వెనక పొరను చూడాలి. పెద్దవాళ్లకు వచ్చే షుగర్‌లో, జబ్బు బయటపడిన రోజే ఒకసారి, తర్వాత ఏడాదికోసారి ఇది జరగాలి. మీకు ఏడేళ్లయినా ఒక్కసారి చేయించుకున్నట్టు రాయలేదు. తొందరపెట్టడానికి ఇంకో కారణం ఉంది. రెటీనాలో ఇప్పటికే దెబ్బ ఉన్నవాళ్లకు చాలా ఎక్కువగా ఉన్న షుగర్ వేగంగా దిగితే, మొదటి కొన్ని నెలల్లో ఆ దెబ్బ కాస్త ముదరవచ్చు. ఆ భయంతో షుగర్ తగ్గించడం మానకూడదు. ముందుగా చూసుకుని, అవసరమైతే కంటికి వైద్యం చేయించుకుంటూ తగ్గించాలి. కాళ్ల తిమ్మిర్లు కూడా ఉన్నాయంటున్నారు కాబట్టి కిడ్నీల పనితీరు తెలియడానికి మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్, రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థం ఎంతున్నాయో కూడా పరీక్ష చేయించుకోండి. కళ్లు, కిడ్నీలు చాలామందిలో ఒకేసారి దెబ్బతింటాయి.

షుగర్ తగ్గించడం వల్ల కళ్లకు ఎంత మేలో బ్రిటన్‌లో వేలమందిని పదేళ్ల పాటు గమనించి 1998లో చెప్పారు. సగటు హెచ్‌బీఏ1సీ 7.9 ఉన్నవాళ్లతో పోలిస్తే 7 ఉన్నవాళ్లకు కళ్లు, కిడ్నీల్లాంటి చిన్న రక్తనాళాల జబ్బులు నాలుగో వంతు తగ్గాయి. ఒక్క పాయింటు కూడా తేడా లేదు చూడండి. మీరు 11.2 నుంచి దిగుతున్నారు.

మీ వీధిలోవాళ్లు ఇన్సులిన్‌ని అనుమానించడానికి కారణం నాకు అర్థమవుతుంది. చాలామంది ఏళ్లకేళ్లు మాత్రలతో ఈడ్చుకొచ్చి, కళ్లు దెబ్బతిన్నాకే ఇన్సులిన్‌కు వస్తారు. ఆ తర్వాత చూపు పోతే నింద సూది మీద పడుతుంది.

ఇప్పుడు కంచం సంగతి. అన్నం పూర్తిగా మానొద్దు. గోదావరి జిల్లాల మనిషి అన్నం మానేస్తే నాలుగు రోజులు ఉంటుంది ఆ నియమం, అయిదో రోజు రెండింతలు తింటారు. తగ్గించండి, పక్కన పెట్టుకునేవి పెంచండి. కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు. పావు వంతు పప్పో, చేపో, గుడ్డో. మిగిలిన పావు వంతులోనే అన్నం. ముందు కూర, పప్పు కొంత తిని తర్వాత అన్నం కలుపుకుంటే షుగర్ ఒక్కసారిగా ఎగదన్నదు. చిన్న మార్పే, కానీ మీటరులో తేడా కనిపిస్తుంది. ఇంకో మాట. మన మారుటేరు పరిశోధన కేంద్రంలో పుట్టిన స్వర్ణ ధాన్యాన్ని చాలా ఇళ్లలో అమ్ముకుని సన్నబియ్యం కొంటున్నారు. 2012లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వాళ్లు 235 రకాల బియ్యాన్ని పరీక్షించినప్పుడు షుగర్‌ని పెంచే వేగాన్ని చెప్పే అంకె (గ్లైసీమిక్ ఇండెక్స్, గ్లూకోజుకు 100 అనుకుంటే) 48 నుంచి 92 దాకా ఉందని, స్వర్ణ ఆ వేగం తక్కువగా ఉన్న రకాల్లో ఒకటని తేలింది. ఇంట్లో పండితే అదే వండుకోండి. అలాగని మూడు పూటలా కుంచాలకొద్దీ తింటే ఏ బియ్యమైనా ఒకటే.

పొద్దున్న నాలుగు ఇడ్లీల కంటే ఉప్మా లేని రెండు పెసరట్లు మేలు. లేసు అల్లేవాళ్లు ఒకచోట కూర్చుంటే గంటలు తెలియవు, మధ్యమధ్య తీపి టీ వస్తూనే ఉంటుంది. ఆ టీలో చక్కెర మానేయండి. భోంచేసిన వెంటనే అల్లిక సూది పట్టుకోకుండా పదిహేను నిమిషాలు వీధిలో నడవండి. బెల్లం పూతరేకులు షుగర్ వాళ్లు తినొచ్చంటారు, అది తప్పు. వంద గ్రాముల బెల్లంలో ఎనభై గ్రాములకు పైగా చక్కెరే. తాటిబెల్లమైనా లెక్క మారదు. చక్కెరకేళి అయితే సగం పండుతో ఆపండి. కొబ్బరి బొండాం ఎప్పుడైనా ఒకటి ఫర్వాలేదు కానీ, క్రియాటినిన్ రిపోర్టు చూశాకే. కిడ్నీలు దెబ్బతింటే బొండాం నీళ్లలోని పొటాషియం ప్రమాదం.

పొన్నగంటి గురించి. నాకు ఆ కూర అంటే ఇష్టం, మా ఇంట్లోనూ వండుతారు. తోటకూర, మునగాకు, పొన్నగంటి, క్యారెట్‌లలో ఉండే పదార్థం నుంచి ఒంట్లో విటమిన్ ఏ తయారవుతుంది. అది తక్కువైతే వచ్చేది రేచీకటి. అందుకే అయిదేళ్లలోపు పిల్లలకు ఆరు నెలలకోసారి ఆ విటమిన్ మందు నోట్లో వేస్తారు. మీ ఇబ్బంది వేరు. రెటీనా నాళాలు కారుతుంటే ఎన్ని కట్టలు తిన్నా ఆగవు. కూరగా, కొంచెం నూనెతో వండుకుని హాయిగా తినండి, పీచు దొరుకుతుంది. క్యారెట్ రసం మాత్రం వద్దు. పిప్పి పారేసి తీపి తాగినట్టవుతుంది.

కంటికి మేలు చేసే తిండి చెప్పమంటే నేను చేపల పులుసు చెబుతాను. స్పెయిన్‌లో షుగర్ ఉన్నవాళ్ల మీద జరిగిన అధ్యయనం ఒకటి 2016లో వచ్చింది. వారానికి రెండుసార్లయినా నూనె ఉన్న చేపలు తిన్నంత ఒమేగా-3 అనే మంచి కొవ్వు అందినవాళ్లలో చూపు పోయేంత రెటీనా జబ్బు తక్కువగా కనిపించింది. దానికి పులస కోసం అప్పు చేయక్కర్లేదు. కవళ్లు, కానాగంతలు చాలు. పులుసు పెట్టుకోండి, వేపుడు వద్దు. ఎండుచేప, ఆవకాయ, అప్పడం మాత్రం బాగా తగ్గించాలి. ఉప్పుతో బీపీ పెరుగుతుంది, బలహీనపడిన నాళాల మీద ఆ ఒత్తిడి పడితే ఇంకా కారతాయి. బ్రిటన్ అధ్యయనంలోనే బీపీని గట్టిగా అదుపులో పెట్టినవాళ్లలో రెటీనా జబ్బు ముదరడం మూడో వంతు తగ్గింది. మీ బీపీ ఎంతో రాయలేదు, చూపించుకోండి. మామూలుగా 130/80 కన్నా తక్కువ ఉండాలి.

కార్తీక సోమవారాలు వస్తే ఉపవాసం ఉంటారేమో. ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా పస్తుండకూడదు. చేతులు వణికి, చెమటలు పట్టి, కళ్లు బైర్లు కమ్మితే షుగర్ పడిపోయిందేమోనని అనుమానించి వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగండి, పదిహేను నిమిషాలకు మళ్లీ పరీక్ష చేసుకోండి. దేవుడు దానికి కోప్పడడు. పరీక్షకు వేలు పొడుచుకునేటప్పుడు అల్లిక సూది పట్టే వేళ్లు వదిలేసి, రెండో చేతి చిటికెన వేలి పక్కన పొడుచుకోండి. అల్లికకు అడ్డురాదు.

కంట్లో పసరు పోస్తామని ఎవరు వచ్చినా తలుపు వేసేయండి. నల్లగుడ్డు మీద పుండుపడి, చూపు చేజేతులా పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

రోజూ పొద్దున్న గుమ్మంలో నిలబడి ఒక్కో కన్నూ మూసి, ఎదురుగా ఉన్న కొబ్బరి చెట్టునో, కరెంటు స్తంభాన్నో చూడండి. గీత వంకర పోయినట్టు కనిపించినా, మధ్యలో మరక ఉన్నా, కళ్ల ముందు సాలెగూడు, మసి రాలినట్టు నల్లచుక్కలు తేలినా, తెర దిగినట్టున్నా, ఆ రోజే కంటి ఆసుపత్రికి వెళ్లాలి.

పరీక్షకు వెళ్లేటప్పుడు ఇంట్లోవాళ్లను ఒకరిని తోడు తీసుకెళ్లండి. చుక్కలు వేశాక మూడు నాలుగు గంటలు ఎండ భరించలేరు, బండి నడపకూడదు, ఆ పూట అల్లిక కుదరదు. షుగర్ రిపోర్టులన్నీ సంచిలో పెట్టుకుని, ఇన్సులిన్ ఏ తేదీన మొదలైందో చెప్పండి. చూశాక డాక్టర్‌ని రెండు సంగతులు అడగండి: మధ్య చూపు భాగంలో నీరు చేరిందా, మళ్లీ ఎన్ని నెలలకు రావాలి? జవాబులు చీటీ మీద రాయించుకుని, మీ షుగర్ డాక్టర్‌కి చూపించండి.